నడుమ అక్షరాలు తారుమారైతే తెలుగు చదవగలమా? – ఇంట్లో చేసి చూసిన ప్రాజెక్టు డైరీ

మా తమ్ముడి పెళ్లికార్డు నేనే టైపు చేశాను. 350 కార్డులు అచ్చయ్యాయి. అమ్మ చూసింది, పెళ్లికొడుకు చూశాడు, ముప్ఫై ఏళ్లు తెలుగు పండితుడిగా పనిచేసిన పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. అందరూ బాగుందన్నారు. కట్టలు ఇంటికి వచ్చాక మూడో తరగతి చదివే మేనల్లుడు గుమ్మంలో కూచుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదువుతూ, "మామయ్యా, లవసి అంటే ఏంటి?" అన్నాడు.

కార్డు మీద "ఆశీర్వదించలవసినదిగా" అని ఉంది. వ, ల స్థానాలు మారాయి. నలుగురు పెద్దవాళ్లం, ఎనిమిది కళ్లు, ఎవరికీ ఆనలేదు.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుగులోనే కొలిచి చూడాలని పని మొదలెట్టాను. ఎవరైనా మళ్లీ చేసుకునేందుకు వీలుగా తప్పులతో సహా రాస్తున్నాను. నిజానికి తప్పులే ఎక్కువ.

దశ 0: ముందే తెలిసినవి

"కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం పరిశోధన ప్రకారం మొదటి అక్షరం, చివరి అక్షరం సరిగ్గా ఉంటే చాలు, నడుమ ఎలా ఉన్నా చదివేస్తాం" అనే మెసేజీ 2003లో ఇంగ్లీషులో తిరగడం మొదలై ఇప్పటికీ తిరుగుతోంది. అలాంటి పరిశోధన కేంబ్రిడ్జ్‌లో జరగలేదు. కేంబ్రిడ్జ్‌లోనే పనిచేసే మాట్ డేవిస్ అప్పట్లోనే ఆ మెసేజీని వాక్యం వాక్యం విప్పి చూపించాడు. దానికి దగ్గరి అసలు పని గ్రాహం రాలిన్సన్ అనే ఆయన 1976లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం.

నేను గోడ మీద అంటించుకున్నవి మాత్రం 2006లో కీత్ రేనర్ అనే పరిశోధకుడి బృందం వేసిన చదివే వేగాల అంకెలు. ఇంగ్లీషు వాక్యాలు మామూలుగా ఉంటే నిమిషానికి 255 పదాలు. నడుమ అక్షరాలు మారిస్తే 227. చివర మారిస్తే 189. మొదట్లో మారిస్తే 163. అంటే చదవగలం, ఊరికే మాత్రం కాదు. నా కొలతలు ఈ వరసలోనే వస్తాయా అన్నది చూడాలి.

దశ 1: మొదటి స్క్రిప్టు, మొదటి చెత్త

పైథాన్‌లో పది వరసల స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం. చేసేది ఇంతే:

1. పదం తీసుకో.
2. మొదటి గుర్తు, చివరి గుర్తు పక్కన పెట్టు.
3. మధ్యవి కలిపి చల్లు.
4. మళ్లీ అతికించు.

ఇంగ్లీషుకి ఇది సరిపోతుంది. తెలుగులో కంప్యూటర్ దృష్టిలో "గుర్తు" వేరు, మన దృష్టిలో "అక్షరం" వేరు. "పుస్తకం" మనకి మూడక్షరాలు: పు, స్త, కం. కంప్యూటర్‌కి ఏడు గుర్తులు: ప, కొమ్ము, స, పొల్లు, త, క, సున్న. చివరి "అక్షరం" అని స్క్రిప్టు కాపాడింది వట్టి సున్నని. మధ్య అయిదూ కలిపితే ఒకసారి "పసుక్తం" వచ్చింది, ఇంకోసారి "ప్సుతకం" వచ్చింది. ఇవి నయం, కనీసం నోరు తిరుగుతుంది. చాలా పదాల్లో గుణింతం గుర్తుకి ఆనుకునే హల్లు దొరక్క చుక్కల గుండ్రం పక్కన వేలాడుతూ కనిపించింది.

50 పదాలు పరీక్షించాను. 31 పదాల్లో చుక్కల గుండ్రాలు. మిగతా 19లో తెలుగు అక్షరాలే ఉన్నా వాటిలో సగం అసలు పదంలో లేనివి. ఇది తారుమారు కాదు, కొత్త అక్షరాల తయారీ.

ఇప్పటిదాకా: 3 గంటలు. ఖర్చు 0. పనికొచ్చిన పదాలు 0.

దశ 2: అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది

యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లలో వాడే ఉమ్మడి ప్రమాణం) వాళ్ల దగ్గర "గ్రాఫీమ్ క్లస్టర్" అని ఒక లెక్క ఉంది. మనిషికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని ఒక ముక్కగా కోస్తుంది. పైథాన్‌లో దానికి సిద్ధంగా ఉన్న లైబ్రరీ (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్) వాడాను. గుణింతాలు హల్లుని అంటిపెట్టుకునే ఉన్నాయి. గుండ్రాలు పోయాయి. హమ్మయ్య అనుకుని అమ్మకి ఒక కాగితం కూడా అచ్చు తీసిచ్చాను.

అమ్మ రెండో వరసలోనే ఆగి, "పుతస్కం ఏంట్రా?" అంది.

తప్పు ఎక్కడంటే, ఆ లైబ్రరీ పొల్లు దగ్గర కోస్తోంది. "పుస్తకం" దానికి పు, స్, త, కం. నడుమ రెండిటినీ మారిస్తే పు, త, స్, కం. ఇప్పుడు స్ వెళ్లి కం మీద పడి "స్కం" అయింది. చివరి అక్షరం ముట్టుకోనన్న నియమం నాకు తెలియకుండానే విరిగిపోయింది. "లక్షణాలు" ఇంకా ఘోరం, "లషణాక్లు" అయి కూచుంది. క్ష విడిపోయింది, లు కాస్తా క్లు అయింది.

ఇది లైబ్రరీ పాతది కావడంవల్ల వచ్చిన తంటా. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం చేర్చారు, తెలుగు కూడా అందులో ఉంది. నా దగ్గరున్నది దానికి ముందుది. కొత్తది వేసుకోవచ్చు, కానీ నేనే కోత నియమం రాసుకున్నాను. చిన్నదే:

1. అచ్చయితే అదొక అక్షరం.
2. హల్లయితే, దాని వెనక "పొల్లు + హల్లు" ఎన్నిసార్లు వస్తే అన్నీ దానికే చెందుతాయి.
3. తర్వాత గుణింతం గుర్తు ఉంటే అదీ దానికే.
4. సున్న, అరసున్న, విసర్గ ఉంటే అవీ దానికే.
5. పదం చివర పొల్లుతో ఆగితే (కంప్యూటర్‌ అనే మాటలో ర్ లాంటివి) దాన్ని ముందు అక్షరానికి కలిపెయ్.

అయిదోది మూడు రోజుల తర్వాత చేర్చాను. మొదట దాన్ని విడి అక్షరంగా ఉంచితే చివరి అక్షరమంటే వట్టి ర్ అయిపోయి, ట వెళ్లి నడుమ జేబులో పడుతోంది.

ఇంకో రెండు గోతులు. ఒకటి, ఒక పీడీఎఫ్ నుంచి తెచ్చుకున్న పేరాలో ఐత్వం రెండు ముక్కలుగా నిల్వ అయి ఉంది, ఎత్వం వేరు, కింది గుర్తు వేరు. కంటికి తేడా లేదు, స్క్రిప్టుకి ఉంది. యూనికోడ్ సాధారణీకరణ ఒకసారి నడిపితే కలిసిపోతాయి. రెండు, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఉంటుంది. దాన్ని చోటు మారిస్తే ఏమవుతుందో చెప్పలేం. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అక్షరంలో సరిగ్గా ఆ కనిపించని గుర్తు ఇరుక్కుని, అది మెసేజీలో వస్తే చాలు ఐఫోన్లు పడిపోయాయి, గుర్తుందా? నేను సాహసం చెయ్యలేదు. అలాంటి 7 పదాలు తీసి పారేశాను.

ఇప్పటిదాకా: 9 గంటలు. ఖర్చు 0. సరిగ్గా కోయగలిగిన పదాలు 50కి 50.

దశ 3: కలపడానికి నడుమ ఏదీ?

కోత కుదిరింది కదా అని మా వీధి కుళాయి గొడవ మీద 240 పదాల పేరా ఒకటి రాసి స్క్రిప్టుకి ఇచ్చాను. సొంతంగా రాయడానికి కారణం, ఎవరికీ ముందే తెలిసిన వాక్యాలు ఉండకూడదు. తెలిసిన పద్యమైతే అక్షరాలు చూడకుండానే చదివేస్తారు.

బయటికొచ్చిన కాగితం దాదాపు మామూలుగానే ఉంది. స్క్రిప్టు పాడైందనుకున్నాను. లెక్క వేస్తే:

ఒక అక్షరం పదాలు 3
రెండక్షరాలవి 62
మూడక్షరాలవి 81
నాలుగువి 51
అయిదువి 26
ఆరు, ఆపైన 17

మూడక్షరాల పదంలో నడుమ ఉండేది ఒక్కటే, దేనితో మారుస్తాం? కాబట్టి 240లో మారగలిగేవి 94. అందులోనూ మూడు "అమ్మమ్మకి" బాపతు, నడుమ రెండూ మ్మలే, ఎన్నిసార్లు కలిపినా అదే. మిగిలినవి 91. నాలుగక్షరాల పదానికి ఒకే ఒక్క మార్పు సాధ్యం.

ఇక్కడ కాసేపు ఆగాను. ఇంగ్లీషు మెసేజీ అంత సులువుగా చదవగలగడానికి డేవిస్ చెప్పిన కారణాల్లో ఒకటి, రెండు మూడు అక్షరాల చిన్నపదాలు చెక్కుచెదరకుండా ఉండి వాక్యం కట్టుని పట్టి ఉంచడం. ఆ చిన్నపదాలు చేసే పని తెలుగులో చేసేవి లో, కి, తో, ని. అవి విడిగా నిలబడవు, పదానికి తోకలుగా అంటుకుంటాయి. అంటే మన పొడుగు పదాల్లో సగం పొడుగు ఆ తోకలదే. "చెప్పలేకపోయింది"లో ఏడక్షరాలుంటే ధాతువుది చె, ప్ప మాత్రమే. పెళ్లికార్డులో మారిన వ, ల కూడా తోకలోవే. ఇది అప్పుడే నోట్‌బుక్కులో గీత గీసి రాసుకున్నాను, తర్వాత పనికొచ్చింది.

ఇప్పటిదాకా: 14 గంటలు. ఖర్చు 0.

దశ 4: మొదటి పరీక్ష – మొత్తం వృథా

చదివేవాళ్లు ఆరుగురు. అమ్మ (68, రోజూ పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా), మా ఆవిడ, తమ్ముడు, పెదనాన్న, పక్కింట్లో ఇంజినీరింగ్ చదివే ఇంగ్లీషు మీడియం కుర్రాడు, మేనల్లుడు.

మూడు రకాల కాగితాలకి ఇంటి పేర్లు పెట్టుకున్నాను. "సాపు" అంటే ఏమీ మార్చనిది. "నడుము" అంటే నడుమ పక్కపక్క అక్షరాలు రెండు మారినవి. "తల" అంటే మొదటి రెండక్షరాలు మారినవి.

తప్పు ఒకటి: పైకి చదివించాను. అమ్మ కాగితంలో "మవనరాలు" అని ఉంటే నోట్లోంచి "మనవరాలు" అనే వచ్చింది, ఆగకుండా. చదవడం అయ్యాక, "ఎక్కడైనా తప్పు కనపడిందా?" అంటే, "ఎక్కడ?" అంది. నోరు సర్దేస్తోంది. పైగా నోటి వేగం కంటి వేగాన్ని వెనక్కి లాగుతుంది, తేడాలు చదునైపోతాయి.

తప్పు రెండు: అందరికీ ఒకే పేరా మూడు రకాలుగా ఇచ్చాను. రెండోసారి చదివేటప్పటికి కుళాయి గొడవ కంఠతా వచ్చేసింది. తమ్ముడు "నడుము"ని "సాపు" కంటే వేగంగా చదివాడు!

తప్పు మూడు, అసలైనది: "నడుము" కాగితంలో 240కి 91 పదాలే మారాయి. "తల"లో రెండక్షరాల పదాలు కూడా మారతాయి కాబట్టి దాదాపు అన్నీ మారాయి. తల మార్పు కష్టమని తేలింది, కానీ అది తల మహిమా, ఎక్కువ పదాలు మారినందుకా? చెప్పలేను. అసలు రెండక్షరాల పదాన్ని తిరగేస్తే వచ్చేది తారుమారు కూడా కాదు, వేరే మాట. తల లత అవుతుంది. "తలలు వంచి" అన్నది "లతలు చివం" అయింది. పెదనాన్న అక్కడ ఆగి కాగితం నా ఒళ్లో పడేశాడు.

తప్పు నాలుగు: చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడం. మొదలు, చివర కలిపి అర సెకను అటూ ఇటూ పోతోంది. 

ఇప్పటిదాకా: 19 గంటలు. 40 కాగితాల అచ్చు, కాగితానికి 2 రూపాయల చొప్పున 80. నమ్మదగ్గ కొలతలు 0.

దశ 5: మళ్లీ మొదట్నించీ

మార్చినవి:

1. మూడు వేర్వేరు పేరాలు, ఒక్కోటి 120 పదాలు. కుళాయి, రైల్వే గేటు, టెలిగ్రాం. మూడూ నేనే రాశాను.
2. ప్రతి పేరాలో నాలుగు, ఆపైన అక్షరాలున్న పదాలు సరిగ్గా 45 ఉండేలా సరిచేశాను. "నడుము"లో ఆ 45 మారతాయి, "తల"లో కూడా అవే 45. చిన్నపదాలు ముట్టుకోను.
3. ఒక్కో పదంలో ఒక్కటే మార్పు, పక్కపక్క అక్షరాలే.
4. ఎవరూ ఒక పేరా రెండుసార్లు చదవరు. పేరా, రకం తిప్పి ఇచ్చాను, ఒక్కో వరస ఇద్దరికి.
5. మనసులో చదవడం. కాగితం బోర్లా ఉంటుంది, తిప్పుతూ బల్ల మీద తట్టాలి, అయ్యాక మళ్లీ తట్టాలి. ఫోన్లో రికార్డు చేసి ఆడాసిటీ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌లో రెండు తట్ల మధ్య దూరం కొలిచాను. స్టాప్‌వాచ్ గొడవ వదిలింది.
6. చివర అయిదు ప్రశ్నలు. అర్థం కాకుండా కళ్లు జార్చేస్తే దొరికిపోతారు.

అంకెలు సెకన్లలో, సాపు – నడుము – తల వరసలో:

అమ్మ: 58 – 71 – 89
మా ఆవిడ: 49 – 63 – 80
తమ్ముడు: 55 – 74 – 97
పెదనాన్న: 51 – 62 – 75
పక్కింటి కుర్రాడు: 84 – 131 – 170
మేనల్లుడు: 212 – 221 – 219

అమ్మకీ పెదనాన్నకీ నడుము మార్పుకి అయిన అదనపు కాలం నూటికి 22. మా ఆవిడకి 29, తమ్ముడికి 35, పక్కింటి కుర్రాడికి 56. ఆరుగురు మనుషులు, ఒక సాయంత్రం. ఇందులోంచి సిద్ధాంతాలు తియ్యొద్దు. కానీ వరస మాత్రం గోడ మీది వరసే: నడుము కంటే తల ఖరీదు. తెలుగు ఎక్కువగా చదివే కళ్లకి తక్కువ నష్టం, అరుదుగా చదివే కళ్లకి ఎక్కువ.

మేనల్లుడి వరస చూడండి. వాడికి సాపైనా, నడుమైనా, తలైనా ఒకటే. పెదవులు కదపకుండా చదవలేడు, వేలు కదపకుండా అసలే చదవలేడు. ఒక్కో అక్షరం దగ్గర వేలు ఆగుతుంది, పెదవి కదులుతుంది, తర్వాతి దానికి జరుగుతుంది. కాగితంలో ఏముంటే అదే పలుకుతాడు. తప్పులు నెమ్మది చేసేదేమీ లేదు, నెమ్మది ముందే ఉంది. ప్రశ్నల్లో తేలింది అసలు సంగతి. సాపులో 5కి 4 చెప్పాడు, తలలో 5కి 1. పెద్దవాళ్లందరూ మూడు రకాల్లోనూ 4 తగ్గలేదు.

టెలిగ్రాం పేరాలో "మరణవార్త" అనే మాట ఉంది (మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయింది, దాని మీదే పేరా). తల కాగితంలో అది "రమణవార్త" అయింది. ఆ కాగితం వచ్చింది పెదనాన్నకి. చదవడం ఆపి, "రమణగాడికి ఏమైందిరా?" అన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు కానీ రికార్డింగులో ఆ చోట నాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంది. మారిన అక్షరాలు ఇంకో అసలు మాటకి దారితీస్తే మెదడు ఆ దారినే పోతుంది, వెనక్కి రావడానికి టైం పడుతుంది. ఆ కొలతని ఉంచాలా తియ్యాలా అని ఆలోచించి ఉంచాను. 75లో ఆ నాలుగు ఉన్నాయని గమనించండి.

నాలుగో పేరా ఒకటి రాసి (కొబ్బరికాయల బండి) "తోక" కాగితం, అంటే చివరి రెండక్షరాలు మార్చినది, ముగ్గురికి ఇచ్చాను. అమ్మ 77, మా ఆవిడ 70, పెదనాన్న 64. నడుముకీ తలకీ మధ్యలో పడ్డాయి, రేనర్ అంకెల్లాగే. మన విభక్తులు చివర ఉంటాయి కాబట్టి తోక మారిస్తే తెలుగులో కుప్పకూలుతుందని నేను పందెం కాశాను. ఓడిపోయాను. "ఊరికిలో" అని ఉన్నా "ఊరిలోకి" అనే అందుతోంది.

లోపం ఒకటి దాచను. మార్పులున్న కాగితంలో మొదటి ఇరవై పదాలు అందరూ తడబడ్డారు, తర్వాత పుంజుకున్నారు. అలవాటు పడిపోతున్నారు. మళ్లీ చేస్తే మొదట ఒక ఉత్తుత్తి పేరా చదివించి అప్పుడు కొలుస్తాను.

ఇప్పటిదాకా: 26 గంటలు. అచ్చు ఇంకో 36 కాగితాలకి 72, చదివినవాళ్లకి మిరపకాయ బజ్జీలు 120. మొత్తం 272 రూపాయలు.

పక్క కాగితం: జతల లెక్క

అంకెలు వచ్చాక వాటికి సరిపడే వివరణ ఒకటి చేత్తో వేసి చూశాను. చదవడం మీద పరిశోధించిన జొనాథన్ గ్రేంజర్, కెరోల్ విట్నీ లాంటివాళ్లు చెప్పే నమూనా ప్రకారం మెదడు "అయిదో స్థానంలో ఈ అక్షరం" అని గుర్తుపెట్టుకోదు. "ఇది దానికంటే ముందు" అనే జతలుగా పట్టుకుంటుంది.

"మనవరాలు" తీసుకోండి. మ, న, వ, రా, లు. జతలు రాస్తే మ-న, మ-వ, మ-రా, మ-లు, న-వ, న-రా, న-లు, వ-రా, వ-లు, రా-లు. మొత్తం 10. న, వ తారుమారు చేస్తే విరిగేది న-వ ఒక్కటే. తొమ్మిది అలాగే ఉన్నాయి. అందుకే "మవనరాలు" మనవరాలిలాగే కనిపిస్తుంది. దూరంగా ఉన్న న, రా మారిస్తే మూడు విరుగుతాయి. మూడక్షరాల మాటకి ఉన్నవే మూడు జతలు, ఒకటి విరిగితే మూడోవంతు పోయింది. "మరణం" రమణమై కూచోవడానికి అదొక కారణం. మరీ ఎడం ఉన్న జతలు లెక్కలోకి రావనే రకాలూ ఉన్నాయి, నా కాగితానికి అంత లోతు అక్కర్లేదు.

ఈ పని జరిగే చోటు మెదడు ఎడమవైపు వెనక, అడుగున ఉంటుంది. స్టానిస్లాస్ డెహేన్, లారాన్ కోహెన్ దాన్ని పదరూపాల చోటుగా గుర్తించారు. పుట్టుకతో అక్షరాలకని కేటాయించింది కాదు, చదువు వచ్చేకొద్దీ దానికి అలవాటు పడేది. మా మేనల్లుడికి ఆ అలవాటు ఇంకా సాగుతోంది. అందుకే వాడు కార్డులో ఉన్నది చూశాడు, మేం కార్డులో ఉండాల్సింది చూశాం.

పెదనాన్న ఈ కాగితం చూసి ఇంకో మాట చేర్చాడు. తమిళంలో ఉరల్, మనకి రోలు. తమిళంలో ఇరండు, మనకి రెండు. పదం మొదట్లో అచ్చూ హల్లూ తారుమారై తెలుగే ఇలా తయారైంది, దాన్ని వర్ణవ్యత్యయం అంటారు, "నీ స్క్రిప్టు కంటే ముందే మనవాళ్లు చేశారు" అని. మా ఊరు తెనాలి కదా, వికటకవిని కూడా లాక్కొచ్చాడు. ఎటు చదివినా అదే మాట, నా స్క్రిప్టు దాన్ని నడుమ కలిపితే "వికకటవి" అని ఇస్తుంది.

దశ 6: ఏ తప్పు కంటికి ఆనదు?

వేగం సంగతి తేలింది. నాకు కావాల్సింది కార్డు సంగతి, అంటే చదివినా కనపడని తప్పు. పరీక్ష మార్చాను. మూడు పేజీల మామూలు కథనంలో 36 తప్పులు దాచి, పెన్సిల్ ఇచ్చి, తప్పు కనపడితే సున్న చుట్టమన్నాను. పెద్దవాళ్లు అయిదుగురు.

తప్పులు మూడు రకాలు, ఒక్కో రకానికి 12:

1. వేరులో: మాట అసలు భాగంలో రెండక్షరాల మార్పు. "పరిశుభ్రత"ని "పశురిభ్రత".
2. తోకలో: ధాతువు తర్వాత వచ్చే గొలుసులో మార్పు. "చెప్పకలేపోయింది", "వెళ్లలవసివచ్చింది".
3. గుణింతంలో: హల్లులు కదలవు, వాటి గుణింతాలు మాత్రం ఒకదానిది ఒకదానికి. "పరుశిభ్రత".

ఒక్కో రకానికి 12 తప్పులు, అయిదుగురు, అంటే 60 అవకాశాలు. కనపడకుండా జారిపోయినవి: వేరులో 8, తోకలో 23, గుణింతంలో 27.

గుణింతం మార్పు అంత జారిపోతుందని నేను అనుకోలేదు. "పరుశిభ్రత" మళ్లీ చూడండి. ప, ర, శ, భ్ర, త, హల్లుల వరస చెక్కుచెదరలేదు. గుడి, కొమ్ము మాత్రం ఇటుది అటు. స్పానిష్ భాషలో హల్లుల మార్పు, అచ్చుల మార్పు వేర్వేరుగా పనిచేస్తాయని మాన్యుయెల్ పెరియా, స్టీఫెన్ లుప్కర్ 2004లో చూపించారు. అక్కడ అచ్చు కూడా విడి అక్షరం. మనకి అది హల్లు నెత్తినో, పక్కనో, కిందనో అంటుకున్న గుర్తు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

తోక సంగతి మాత్రం నోట్‌బుక్కులో గీత గీసుకున్నదే. "చెప్ప" అని కనపడగానే తర్వాత రాగలిగే గొలుసులు మనకి నోటికి వచ్చినవే, కన్ను వాటి మీద ఆగదు. బరువంతా వేరు మీదే ఉంటుంది. హీబ్రూ చదివేవాళ్ల మీద హదాస్ వెలన్, రామ్ ఫ్రోస్ట్ 2007లో చేసిన పని ఇక్కడ గుర్తొచ్చింది. ఆ భాషలో మూడు హల్లుల వేరు చుట్టూ మాట అల్లుకుని ఉంటుంది, వేరులో అక్షరాలు తారుమారైతే ఇంగ్లీషులోలా సర్దుకోలేరు. మన వేరు అలాంటిది కాదు, అయినా ఏ భాషకి ఆ భాష తన బరువు ఎక్కడ పెట్టిందో అక్కడ కదిలిస్తేనే కన్ను ఉలిక్కిపడుతుందని నాకనిపిస్తోంది.

అన్నిటికంటే తక్కువ వదిలింది పక్కింటి కుర్రాడు. 36లో 5 మాత్రమే. చదవడంలో అందరికంటే నెమ్మది వాడే. పెదనాన్న 13 వదిలాడు. ఆ అంకె ఆయనకి చెప్పలేదు.

ఇప్పటిదాకా: 31 గంటలు. ఇంకో 30 కాగితాలు, 60 రూపాయలు. మొత్తం 332.

దశ 7: కార్డు నంబరు రెండు

తమ్ముడి గృహప్రవేశం వచ్చింది. టైపు మళ్లీ నేనే. ఈసారి ప్రూఫు పద్ధతి మార్చాను:

1. చివరి పదం నుంచి మొదటి పదానికి, వెనక్కి చదవడం. వాక్యం అర్థం సాయం చెయ్యదు.
2. ఆరక్షరాలు దాటిన ప్రతి మాటకీ స్క్రిప్టుతో అక్షరాల మధ్య ఖాళీ పెట్టించి అచ్చు తియ్యడం. "వ ల సి న ది గా" అని విడిగా ఉంటే గొలుసు తెగి ఒక్కో అక్షరం కనపడుతుంది.
3. మేనల్లుడు. తప్పుకి 5 రూపాయలు.

మొదటి పద్ధతిలో ఒకటి దొరికింది, "కుటుంబసమేతంగా"లో "కుంటుబ" అని సున్న ముందుకు దూకింది. రెండో పద్ధతిలో ఏమీ లేదు. తర్వాత వాణ్ని కూచోబెట్టాను. "అవిఘ్నమస్తు" దగ్గర ఘ్న పలకడానికి పధ్నాలుగు సెకన్లు పట్టింది, పలికాడు. "ఆశీర్వదించవలసినదిగా" దగ్గరికి వచ్చేసరికి వాడి వేలు నెమ్మదించింది. ఆ, శీ, ర్వ, దిం, చ. వేలు వ మీద ఆగింది. నా మొహం చూశాడు. ల. సి. న. ది. గా.

"ఇందులో లేదు మామయ్యా" అని, ఐదు రూపాయలు పోయినట్టు మొహం పెట్టి కార్డు తిరిగిచ్చాడు.

కార్డులు 200. అచ్చుకి పంపాను.